పటము వ్రాయు చేయి, బొమ్మ వేయు యంత్రము

రఘునాథపల్లికి వాయవ్యముగా చేర్యాల కలదు. 2016 వరకు ఈ రెండును వరంగల్లు జిల్లాలోనివే. ఇపుడు మొదటిది జనగామ జిల్లాలో, రెండవది సిద్దిపేట జిల్లాలో ఉన్నవి. చేర్యాల నకాషీ చిత్రకారులు కథకులకు పటములు వ్రాయుటలో ప్రసిద్ధులు. నాలుగు మాటలు చెప్పినంతనే బొమ్మ వేయు యంత్రములు వచ్చిన ఈ కాలమున చిత్రకారునికి మిగిలిన పని యేది? దీనికి జవాబు ఆ పటములలోనే కొంత దొరకును.

నకాషీ చిత్రకారుడు ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు వేయును. ఆరిన బట్టపై కుంచెతో బొమ్మలు గీసి, వాటి వెనుకభాగమును ఎరుపుతో నింపును. ఆ పటమును చూపుచు డక్కలివారు జాంబపురాణమును, కూనపులివారు మార్కండేయ పురాణమును చెప్పుదురు. కథ చిత్రకారుడు కల్పించినది కాదు. ముఖముల తీరు, రంగుల వాడుక పెద్దలనుండి వచ్చినవే. అయినను ఏ ఘట్టమునకు ఎంత చోటు ఈయవలెనో నిర్ణయించువాడు అతడే. తప్పు దొరలినచో కథకునికి జవాబు చెప్పవలసినవాడును అతడే.

ఇట్టి నియమములను యంత్రమునకు నేర్పవచ్చునా? ఈ ప్రయత్నము చేసిన తొలివారిలో హెరాల్డ్ కోహెన్ అను ఆంగ్ల చిత్రకారుడు ముఖ్యుడు. ఆయన 1968లో కాలిఫోర్నియాకు వెళ్లి, కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొనెను. పిదప ‘ఆరన్’ అను ప్రోగ్రామును నిర్మించి, 2016లో మరణించువరకు దానిని దిద్దుచునే యుండెను. తొలుత ఆరన్ గీతలు మాత్రమే గీసెడిది. రంగులు కోహెన్ తన చేతితో వేసెడివాడు. ఆ గీతల వెనుకనున్న నియమములు ఆయన వ్రాసినవే.

2022లో ప్రజలకు విరివిగా అందిన కృత్రిమ మేధ యంత్రముల తీరు వేరు. గీయుటకు వాటికి ఎవరును నియమములు వ్రాసి ఈయలేదు. మనుష్యులు చేసిన కోట్లకొలది చిత్రములను వివరణలతో సహా వాటికి చూపిరి. చిత్రముపై చుక్కల గందరగోళమును కొద్దికొద్దిగా కలిపి, దానిని తొలగించుట అభ్యాసము చేయించిరి. అభ్యాసము ముగిసిన పిదప యంత్రము వట్టి చుక్కలనుండియే, మనము చెప్పిన మాటలను అనుసరించి, క్రొత్త బొమ్మను తీయగలదు. కాని ఆ బొమ్మ ఒప్పో తప్పో అది విచారింపదు. ఎర్రని పటముపై నకాషీ తీరు ముఖములు రావచ్చును. కథలోని వరుస తప్పవచ్చును. ఆ తప్పును కనిపెట్టవలసినది కథ తెలిసిన మనిషియే.

1957 నాటి భారత కాపీరైటు చట్టమునకు 1994లో ఒక సవరణ జరిగినది. దాని ప్రకారము కంప్యూటరు పుట్టించిన రచనకు కర్త, దానిని పుట్టింపజేసిన వ్యక్తియే. అతడు మాటలు చెప్పినవాడా, ప్రోగ్రాము వ్రాసినవాడా? ఏ చిత్రములు చూచి యంత్రము నేర్చినదో, వాటిని వేసినవారికి దక్కునదేమి? ఈ వాదము ముగియలేదు.

ఏమి అడుగవలెను, వచ్చినవానిలో దేనిని ఉంచవలెను, దేనిని దిద్దవలెను అను విచారణ కుంచె పట్టినవానికి, యంత్రమును నడపువానికి సమానమే. బొమ్మ క్రింద తన పేరు వ్రాసుకొనువాడు దాని తప్పునకును బాధ్యుడు కావలెను. తనకు దారి చూపిన చేతులను కూడ పేర్కొనవలెను.