పుర్రెలో పీడనం: కళింగపట్నం నుంచి చూస్తే

వదలని తలనొప్పి, వంగి లేచేసరికి క్షణంపాటు కళ్లు చీకట్లు కమ్మడం, చెవిలో గుండెచప్పుడుతో పాటు హోరు. ఇవి కలిసొచ్చిన యువతికి కళింగపట్నంలో ముందు చేతికందేది నొప్పి మాత్రే. కంటి నరం ఉబ్బిందేమో తేల్చుకోవాలంటే శ్రీకాకుళమో, విశాఖో వెళ్లాలి. కారణం తెలియకుండా పుర్రెలో పీడనం పెరిగే ఈ జబ్బు ప్రాణం తీయడం అరుదు. చూపు మాత్రం తీసుకుపోగలదు. కాబట్టి ఎంత తొందరపడాలన్నది దృష్టి క్షేత్ర పరీక్షే చెప్పాలి.

‘కారణం తెలియదు’ అని రాసేముందు మెదడు సిరల స్కాన్ తప్పదు. అక్కడ రక్తం గడ్డకట్టినా లక్షణాలు ఇవే, బాలింతల్లో ఆ అనుమానం ఇంకా గట్టిగా ఉండాలి. రక్తహీనత గురించీ, టెట్రాసైక్లిన్ జాతి మందుల గురించీ కూడా అడిగి తెలుసుకోవాలి. ఆ తర్వాతే వెన్నులో నీరు తీసి పీడనం కొలవడం. పెద్దవాళ్లలో అది 25 సెంటీమీటర్ల నీటిమట్టానికి చేరితే ఎక్కువే.

మందుల్లో కాస్త గట్టి ఆధారం ఉన్నది అసిటజోలమైడ్‌కే. 2014లో ఫలితాలు వెలువడిన ఉత్తర అమెరికా పరిశోధనలో 165 మంది ఆరు నెలలు పాల్గొన్నారు. దృష్టి క్షేత్రాన్ని కొలిచే డెసిబెల్ లెక్కలో మందు వాడినవారు 1.43, ఉత్తుత్తి మాత్ర వాడినవారు 0.71 మెరుగయ్యారు. తేడా చిన్నదే, పైగా వాళ్లందరికీ చూపు నష్టం స్వల్పమే. రెండు వర్గాలకూ ఉప్పు, బరువు తగ్గించే ఆహారమే ఇచ్చారు గనుక ఉప్పు తగ్గింపు ఒక్కటే ఎంత మేలు చేసిందో దీన్నిబట్టి చెప్పలేం. ఎండుచేప లేనిదే ముద్ద దిగని ఇంట్లో ఆ సలహా ఇచ్చేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

ఇక్కడ నాకు ఎక్కువ బెంగ మూత్రపిండాల గురించి. అసిటజోలమైడ్ బయటికి పోయేది వాటి గుండానే. ఇదే జిల్లాలోని ఉద్దానంలో కారణం తేలని కిడ్నీ జబ్బు ఉంది. క్రియాటినిన్ చూడకుండా మోతాదు పెంచకూడదు.

బరువు తగ్గడానికీ ఆధారాలున్నాయి. 2010లో బ్రిటన్‌లో 25 మంది మహిళలు మూడు నెలల కఠిన ఆహారంతో దాదాపు 16 కిలోలు తగ్గితే, పీడనం 8 సెంటీమీటర్లు పడిపోయింది. 2021 నాటి మరో పరిశోధనలో బరువు తగ్గించే శస్త్రచికిత్స ఇంకా బాగా పనిచేసింది. పాల్గొన్న 66 మందీ బీఎమ్ఐ 35కి తగ్గనివారు. బక్కపలచని మనిషికి ఈ లెక్కలు అన్వయించవు.

చూపు వేగంగా పోతుంటే కంటి నరం పొరకు గంటు పెట్టడం, నీటిని మళ్లించే గొట్టం (షంట్), మెదడు సిరలో స్టెంట్ ఉన్నాయి. వీటిలో ఏది మేలో తేల్చిన పెద్ద పరిశోధన లేదు. షంట్ మూసుకుపోతే తలనొప్పి మళ్లీ మొదలవుతుంది. అర్ధరాత్రి అలా జరిగితే ఏ ఊరి ఆసుపత్రికి పరుగెత్తాలో, సంతకం పెట్టించుకునేముందే ఆ ఇంటివాళ్లకు చెప్పి ఉంచాలి.