గల్ఫ్ 'క్షమాభిక్ష' అంటే ఏంటి? కాగితాల్లేని కార్మికులకు మాఫీపై ఎందుకీ చర్చ?

అయిజ, గద్వాల వైపు వలస అంటే ముందుగా గుర్తొచ్చేవి ముంబై, పుణె, బెంగళూరు, హైదరాబాద్. పాలమూరు కూలీ అక్కడికి వెళ్లాలంటే బస్సు టికెట్ చాలు, ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. సముద్రం దాటితే మాత్రం లెక్క మారిపోతుంది. చేతిలో పనున్నా, ఒంట్లో సత్తువున్నా, కాగితం లేకపోతే ఆ మనిషి అక్కడ నేరస్తుడే. అలాంటి వాళ్లకు గల్ఫ్ దేశాలు అప్పుడప్పుడూ ఇచ్చే అవకాశమే ఆమ్నెస్టీ. మనవాళ్లు దాన్నే క్షమాభిక్ష అంటున్నారు.

అసలు క్షమాభిక్ష అంటే?

వీసా గడువు దాటినా, ఆకామా రెన్యువల్ కాకపోయినా రోజుల లెక్కన జరిమానా పడుతుంది. ఏళ్లు గడిస్తే అది కార్మికుడు కట్టలేనంత మొత్తం అవుతుంది. కట్టకుండా విమానం ఎక్కలేడు, బయట తిరిగితే పోలీసులకు దొరుకుతాడు. క్షమాభిక్ష గడువులో ప్రభుత్వం ఈ జరిమానాలను మాఫీ చేస్తుంది, లేదా తగ్గిస్తుంది. ఆ లోపు స్వదేశానికి వెళ్లిపోవచ్చు. కొన్నిసార్లు స్టేటస్ సరిచేసుకుని అక్కడే పని చేసుకునే వీలూ ఉంటుంది. అయితే కోర్టు కేసులు, అప్పు కేసులు ఉన్నవాళ్లకు ఇది మామూలుగా వర్తించదు.

కాగితాలు ఎలా పోతాయి?

చాలామంది దొంగదారిలో వెళ్లినవాళ్లు కాదు. సక్రమంగా వెళ్లి, అక్కడ అక్రమం అయినవాళ్లే ఎక్కువ. ముఖ్య కారణాలు ఇవీ:

- కఫీల్ పద్ధతిలో వీసా మొత్తం యజమాని పేరు మీదే ఉంటుంది. జీతం ఇవ్వట్లేదని బయటకొస్తే పారిపోయాడని ఫిర్యాదు చేస్తాడు. సౌదీలో దీన్నే 'హురూబ్' అంటారు.
- పాస్‌పోర్ట్ యజమాని దగ్గరే ఉండిపోతుంది.
- ఏజెంట్ విజిట్ వీసా మీద పంపి, అక్కడికి వెళ్లాక వర్క్ వీసా వస్తుందని నమ్మిస్తాడు.
- ఆజాద్ వీసా పేరుతో ఒకరి స్పాన్సర్‌షిప్ మీద వెళ్లి, మరొకరి దగ్గర పని చేస్తారు. చట్టం దీన్ని ఒప్పుకోదు.

ఇలా అయినవాళ్లను గల్ఫ్‌లో మనవాళ్లు 'ఖల్లివెల్లి' అని పిలుచుకుంటారు.

ఎప్పుడెప్పుడు ఇచ్చారు?

- సౌదీ, 2013: స్థానికులకు ఉద్యోగాలిచ్చే 'నితాఖత్' విధానం సమయంలో స్టేటస్ సరిచేసుకోవడానికి జులై 3 వరకు గడువిచ్చి, తర్వాత నవంబర్ 3 దాకా పొడిగించారు.
- సౌదీ, 2017: మార్చి 29 నుంచి 90 రోజులు. ఆ తర్వాత పొడిగించారు.
- యూఏఈ, 2018: ఆగస్టు 1న మొదలైంది. చివరికి డిసెంబర్ దాకా సాగింది.
- కువైట్, 2020: ఏప్రిల్ నెల. కరోనా సమయంలో ఇచ్చారు.
- కువైట్, 2024: మార్చి 17న మొదలై, పొడిగింపుతో జూన్ 30న ముగిసింది. వెళ్లిపోయేవాళ్లకు జరిమానా లేదు, ఉండాలనుకునేవాళ్లు జరిమానా కట్టాలి.
- యూఏఈ, 2024: సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 వరకు. వెళ్లినా మళ్లీ రావడానికి నిషేధం పెట్టలేదు.

ఈ గడువుల కోసం కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి కడప, గోదావరి జిల్లాల దాకా వేల కుటుంబాలు ఎదురుచూస్తుంటాయి.

ఇవ్వాలనేవాళ్లు ఏమంటారు?

తప్పు కార్మికుడి ఒక్కడిదే కాదన్నది మొదటి మాట. జీతం ఎగ్గొట్టిన యజమానికి, మోసం చేసిన ఏజెంట్‌కు ఏమీ కాదు, శిక్ష మాత్రం కూలీకి పడుతుంది. దాక్కుని బతికేవాడు జబ్బు చేసినా ఆస్పత్రికి వెళ్లలేడు, తల్లిదండ్రులు చనిపోయినా ఇంటికి రాలేడు. వేలమందిని పట్టుకుని జైళ్లలో పెట్టడం కంటే గౌరవంగా పంపడమే ప్రభుత్వానికీ తేలిక.

వద్దనేవాళ్లు ఏమంటారు?

రూల్ ప్రకారం ఫీజులు కట్టి ఉన్నవాళ్లకు ఇది అన్యాయం అంటారు. ఎలాగూ మళ్లీ మాఫీ వస్తుందన్న ధీమాతో గడువు దాటి ఉండిపోతారని వాదిస్తారు. అమెరికాలోనూ ఇదే గొడవ. అక్కడ రీగన్ 1986లో సంతకం చేసిన చట్టంతో సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధ హోదా దక్కింది. ఆ తర్వాత కూడా కాగితాల్లేని వలస ఆగలేదని వ్యతిరేకులు ఇప్పటికీ గుర్తు చేస్తుంటారు.

రెండు వాదనల్లోనూ నిజముంది. అయితే ఒక తేడా గమనించాలి. అమెరికాలో అడిగేది అక్కడే స్థిరపడే హక్కు. గల్ఫ్‌లో చాలామంది అడిగేది ఇంటికి వెళ్లనివ్వమని మాత్రమే. పైగా కఫీల్ పద్ధతి మారకపోతే ఈసారి మాఫీ పొందినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లు వచ్చి చేరతారు. సౌదీ 2021 మార్చిలో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించింది కానీ, ఇళ్లలో పనిచేసేవాళ్లను అందులో చేర్చలేదు.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

- పాస్‌పోర్ట్ పోతే భారత ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. మనవాళ్లు ఔట్‌పాస్ అనేది దీన్నే. ఇది ఇండియాకు రావడానికి మాత్రమే పనికొస్తుంది.
- టికెట్‌కు డబ్బుల్లేని నిరుపేదలకు ఎంబసీల్లోని సంక్షేమ నిధి నుంచి సాయం అడగొచ్చు. ఈ నిధి 2009 నుంచి ఉంది.
- విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు చేయొచ్చు. హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కూడా ఉంది.
- పాస్‌పోర్ట్, వీసా, ఆకామా ఫొటోలు ఇంట్లో ఒక కాపీ ఉంచుకోండి. ఆపదలో మొదట అడిగేవి ఇవే.

వెళ్లేముందు జాగ్రత్త

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ ఈసీఆర్ కేటగిరీలోకి వస్తుంది. వాళ్లు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా వెళ్లొచ్చు. విజిట్ వీసా మీద పనికి పంపుతానంటే అప్పు చేసి డబ్బులు కట్టొద్దు. క్షమాభిక్ష ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, అప్పు మీద వడ్డీ మాత్రం నెలనెలా పెరుగుతూనే ఉంటుంది.