తరాజు, కాగితం, సెల్‌ఫోను: కొనేవారి హక్కుల చరిత్ర

కరారు, షరతు, రసీదు, జామీను, వాపసు... బజారులో మనం రోజూ వాడే ఈ మాటలన్నీ అరబ్బీ, పారసీల నుండి వచ్చి తెలుగులో కలిసిపోయినవే. మాటలు మనవే గాని, అవి వ్రాసియున్న కాగితం మాత్రం మనలో చాలామందికి చదవరాని ఇంగ్లీషులో ఉంటుంది. సంతకం మాత్రం మనది!

పూర్వం మోసం తరాజులో ఉండేది. పాలకుల చూపూ దాని మీదనే ఉండేది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో తూనికలు, కొలతలు చూచుటకు ఒక అధ్యక్షుడున్నాడు. ఇస్లామీయ రాజ్యాలలో ముహ్తసిబ్ అనే అధికారి బజారులో తిరిగి తూకం, కల్తీ తనిఖీ చేసేవాడు. 1058లో మరణించిన అల్ మావర్దీ తన రాజనీతి గ్రంథంలో ఈ పదవికి ఒక అధ్యాయమే కేటాయించినాడు. ఢిల్లీలో అల్లావుద్దీన్ ఖిల్జీ (1296-1316) ధరలు నిర్ణయించి, బజారుపై అధికారులను పెట్టిన సంగతి బరనీ వ్రాసినాడు.

ఆంగ్లేయుల కాలంలో బేరం కాగితం మీదికెక్కింది. 1872లో కాంట్రాక్టు చట్టం, 1930లో సరుకుల అమ్మకం చట్టం వచ్చినవి. దగా చేసి వ్రాయించుకున్న కరారును రద్దు చేయించుకొనే హక్కు 1872 నుండే ఉన్నది. కాని సివిలు కోర్టుకు పోవాలంటే స్టాంపు ఖర్చు, వకీలు ఫీజు, ఏళ్ల తరబడి తిరుగుడు. ఒక ఇస్త్రీపెట్టె కోసం ఎవరు పోతారు చెప్పండి?

1969లో గుత్త వ్యాపారాన్ని అదుపు చేయుటకు ఎం.ఆర్.టి.పి. చట్టం తెచ్చారు. అబద్ధపు ప్రకటనలతో జనాన్ని మోసగించడాన్ని అది పట్టించుకోలేదు. ఆ లోటు ఎత్తిచూపినది 1978 నాటి సచార్ కమిటీ. మన సమాజ స్థితిగతులపై 2006లో నివేదిక ఇచ్చిన జస్టిస్ రాజిందర్ సచార్ గారే దీనికీ అధ్యక్షులు. 1984లో ఆ చట్టాన్ని సవరించినారు. తరువాత 1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టం ఆమోదం పొందింది. వకీలు లేకుండానే మనిషి తన గోడు తానే చెప్పుకొనే చోటు అప్పుడు దొరికింది.

ఇప్పుడు బజారు సెల్‌ఫోనులోకి వచ్చింది. అందుకే 2019లో కొత్త చట్టం చేసి, 2020 జూలై నుండి అమలు చేశారు. మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటని యెడల ఫీజు లేదు. నష్టానికి పొంతనలేని జరిమానా వేసే ఏకపక్షపు కరారుపై రాష్ట్ర కమిషనుకు పోవచ్చు. ఫోనులో అమ్మేవారు మన సమ్మతి గుర్తు తామే ముందుగా పెట్టరాదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలపాలి. అడగని వస్తువును బిల్లులో కలపడం, "ఒక్కటే మిగిలింది" అని ఉత్తుత్తి తొందర పెట్టడం, చేరడం సులువు చేసి మానుకోవడం కష్టం చేయడం వంటి 13 రకాల మాయలను 2023 నవంబరులో నిషేధించారు.

ఇన్ని ఉన్నా ఫలమేమి? కొన్నేళ్ల క్రిందట మా బడి పిల్లవాని తల్లి కిస్తుల మీద కుట్టుమిషను తీసుకున్నది. ఒక కిస్తు పదిరోజులు ఆలస్యమైతే, కిస్తుకంటె ఎక్కువ జరిమానా వేశారు. మేము ఆ కాగితం చదివి ఉర్దూలో చెప్పినాము, "సబర్ చేయమ్మా" అన్నాము. ఫిర్యాదు మాత్రం వ్రాసి ఇవ్వలేదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. అది దాటిపోయింది. ఆ తప్పు మాది.

కనుక మన సంఘానికి ఒక మనవి. చదువుకున్న పిల్లలు ఇద్దరు వారానికొక పూట మన ఆఫీసులో కూర్చుని, వచ్చినవారి కాగితాలు చదివిపెట్టాలి, అవసరమైతే ఫిర్యాదు వ్రాసిపెట్టాలి. 1915 నంబరుకు ఫోను చేయడం నేర్పాలి. రసీదు అడిగి తీసుకోవడం, చదివించుకోనిదే సంతకం పెట్టకపోవడం మన ఇళ్లలో అలవాటు కావాలి. ముహ్తసిబ్ బజారులో తిరిగే రోజులు పోయినవి. నేటి చట్టం దగ్గరకు మనమే నడిచి వెళ్లాలి.