వెన్న లేని క్రిస్మస్ రొట్టె

క్రిస్మస్ పిండివంటకు వెన్న, పాలు తప్పనిసరి అనుకుంటాము. చరిత్ర అలా చెప్పదు. జర్మనీలోని డ్రెస్డెన్ నగరపు స్టోలెన్ రొట్టె జగత్ప్రసిద్ధం. క్రిస్మస్‌కు ముందు ఉపవాస దినాలలో వెన్న, పాలు నిషిద్ధం కావడంతో, పూర్వం దానిని పిండి, నీరు, నూనెలతోనే చేసేవారు. రొట్టె చప్పగా ఉంటోందని శాక్సనీ పాలకులు మొరపెట్టుకోగా, పోపు ఎనిమిదవ ఇన్నోసెంట్ 1491లో వెన్న వాడుకకు అనుమతి పత్రం పంపారు. అందుకు రుసుము కూడా విధించారు!

నాడు వెన్న మానడం నియమం. నేడు కొందరికి అది ప్రాణరక్షణ. 'ఎలర్జీ' అన్న మాటను వియన్నా వైద్యుడు పిర్కే 1906లో ప్రవేశపెట్టారు. పాలు అరగక కడుపు ఉబ్బడం వేరు. పాలలోని మాంసకృత్తులు పడక దద్దుర్లు రావడం, ఊపిరాడకపోవడం వేరు. ఈ రెండవవారికి నేతిచుక్క అయినా ముప్పు తేవచ్చు.

మన మనవలలో అటువంటివారుంటే దిగులు వద్దు. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పండుగకు వండే అరిసెలకు బియ్యప్పిండి, బెల్లం, నూనె చాలు. చక్రాల పిండిలో వెన్నకు బదులు కాచిన నూనె పోయవచ్చు. మూకుడు, నూనె, గరిటె మాత్రం వేరుగా ఉంచాలి. కొన్న కేకు అయితే పొట్లం మీది వివరాలు చదవాలి. మన దేశపు 2020 నిబంధనల ప్రకారం పాలు కలిస్తే ఆ సంగతి అచ్చువేయాలి. పండుగ పళ్లెం ముందు ఏ పసివాడూ చిన్నబోకూడదు కదా!