సెరంగూన్ వీధి: కూలి నాటినుండి కొలువు నాటికి

కరవు నేలను బీటలు వార్చును. మనుషులను ఊళ్లు దాటించును. కణేకల్ ప్రాంతపు శ్రోతలకు ఈ సంగతి మేము విడమరచి చెప్పనక్కరలేదు. 1876–78 నాటి మహాక్షామము మద్రాసు రాజధానిలో మిక్కిలి పీడించిన జిల్లాలలో బళ్లారి యొకటి. మన రాయదుర్గము తాలూకా ఆనాడు ఆ జిల్లాలోనిదే. 1953లో గాని అనంతపురము జిల్లాలో చేరలేదు.

అంతకు ముప్పది యేండ్ల పూర్వము, 1845లో, ఐర్లండులో బంగాళదుంప పైరునకు తెగులు సోకెను. తరువాతి కరవులో సుమారు పది లక్షలమంది మరణించిరి. అంతకు తక్కువ కానివారు దేశము విడచి ఓడలెక్కిరి. అమెరికాలోని డిట్రాయిట్ నగరమున, ఐర్లండులోని కార్క్ సీమవారు స్థిరపడిన పేటకు కార్క్‌టౌన్ అని పేరు. ఐరిషువారి పిమ్మట మాల్టావారు, మెక్సికోవారు అచ్చట కాపురముండిరి. 1913లో తెరచి 1988లో మూసిన అచ్చటి పెద్ద రైల్వే స్టేషను పాడుపడియుండగా, ఫోర్డు కంపెనీ కొని బాగుచేసి 2024లో సంగీతోత్సవముతో తిరిగి తెరచినది. కూలివారి పేట వేడుకల పేట యైనది.

మన దక్షిణాదివారికిని ఇట్టి పేట యొకటి కలదు. అది సింగపూరులోని సెరంగూన్ వీధి. దాని పరిసరములను నేడు లిటిల్ ఇండియా అందురు.

1825 నుండి కుంపిణీవారు భారతదేశపు ఖైదీలను సింగపూరునకు తరలించి కట్టడపు పనులు చేయించిరి. 1862లో ప్రతిష్ఠింపబడిన సెయింట్ ఆండ్రూస్ చర్చి వారి చేతిపనియే. సున్నములో కోడిగ్రుడ్ల సొన, పంచదార కలిపి నూరిన మద్రాసు గచ్చును దాని గోడలకు పూసిరి. సెరంగూన్ వీధి ప్రక్కల ఇటుక బట్టీలును, పశువుల దొడ్లును వెలసెను. బఫెలో రోడ్డు అను పేరు ఆ దొడ్లకు మిగిలిన గుర్తు. పిమ్మట స్వేచ్ఛగా వచ్చిన కూలీలు, వర్తకులు అచ్చట చేరిరి. వారిలో తమిళులే అధికులు, తెలుగువారు కొలదిమంది. 1855లో వెలసిన నరసింహ పెరుమాళ్ కోవెల నేడు శ్రీనివాస పెరుమాళ్ కోవెల. తైపూస ఉత్సవమున కావళ్లవారు బయలుదేరునది అచ్చటినుండియే. సింగపూరు తెలుగు సమాజము 1975లో ఏర్పడినది.

1989లో ప్రభుత్వము ఈ పేటను పరిరక్షణ ప్రాంతముగా ప్రకటించెను. 2015లో భారతీయ వారసత్వ కేంద్రము తెరువబడెను. దీపావళికి వీధి పొడవున దీపతోరణములు కట్టుదురు. చూడవచ్చు యాత్రికులకు లెక్కలేదు.

అయితే కూలివాడు ఆ వీధిని విడచిపోలేదు. దూరపు వసతి గృహములలోనుండు భారతీయ, బంగ్లాదేశ్ కార్మికులు ఆదివారము అచ్చటికే వచ్చి సరుకులు కొందురు, ఇంటికి సొమ్ము పంపుదురు, తమ యూరివారిని కలిసికొందురు. 2013 డిసెంబరు 8, ఒక ఆదివారము రాత్రి, బస్సు క్రిందపడి భారతీయ కార్మికు డొకడు మరణింపగా అల్లరి చెలరేగినది, వాహనములు తగులబడినవి. తరువాత ఆ ప్రాంతమున మద్యపానముపై కట్టుబాట్లు వచ్చినవి. పండుగ దీపములకు చోటున్న వీధిలో ఆదివారపు కూలివానికి ఎంత చోటున్నదను ప్రశ్న నాడు అందరికిని ఎదురైనది.

అచ్చటి సందులలో క్లైవు, హేస్టింగ్సు, డల్హౌసీల పేర్లు ఇప్పటికిని నిలిచియున్నవి. దొరల జ్ఞాపకమునకు పేరు పలకలున్నవి. ఇటుక కాల్చినవాని జ్ఞాపకమునకు ఇటుకయే ఆధారము. కరవు నాట మన జిల్లానుండి బెంగుళూరునకును, కేరళమునకును కూలికి పోవువారు నేడును కలరు. వారు ఏ పేటలో దిగిరో, ఏ మేడ కట్టిరో ఇంటివారు అడిగి వ్రాసి యుంచినచో, రేపు ఆ పేటలకు వేడుకలు వచ్చిననాడు చరిత్రలో వారి పేర్లకును చోటు దొరకును. ఈ పని చదువుకొన్న మన యువకులు నేడే మొదలిడవచ్చునని మా మనవి.