బాకీ తీరిన డబ్బాకు తాళమెందుకు?

2017 డిసెంబర్ 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఫైబర్‌తో నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అందించడం పథకం. ఇలాంటి చౌక సేవతో ముడిపడిన పెట్టెలకు, లోపలి సాఫ్ట్‌వేర్‌ను వాడేవాళ్లు మార్చకుండా తాళం వేయడం సహజమేనని మనం అనుకుంటాం. కానీ ఆ తాళం తాకట్టులాంటిది. బాకీ తీరేదాకానే దానికి న్యాయం.

ఈ లెక్క అమెరికాలో ఎప్పుడో బయటపడింది. నెట్‌ప్లయెన్స్ అనే కంపెనీ ఐ-ఓపెనర్ అనే ఇంటి ఇంటర్నెట్ యంత్రాన్ని తయారీ ఖర్చు కన్నా తక్కువకు, 99 డాలర్లకే అమ్మింది. నష్టాన్ని నెలవారీ చందాతో పూడ్చుకోవాలన్నది దాని ఆశ. 2000లో కొందరు దానికి హార్డ్‌డిస్కు తగిలించి, మామూలు కంప్యూటర్‌గా వాడవచ్చని చూపించారు. చందా లేకుండా కొనేవాళ్లు ఎగబడ్డారు. కంపెనీ లోపలి చిప్పు మీద ఎపాక్సీ జిగురు పోసింది! కాపాడింది జనం భద్రతను కాదు, తన చందాను. అందులో తప్పేమీ లేదు. తక్కువకు ఇచ్చినవాడు తిరిగి రాబట్టుకోవాలి కదా. చిక్కల్లా జిగురుకు గడువు లేకపోవడమే.

పూర్తి ధర చెల్లించి కొన్న పెట్టె కథ వేరు. లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లినక్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉందని 2003లో తేలింది. లినక్స్ లైసెన్సు ప్రకారం కంపెనీ సోర్స్ కోడ్ బయటపెట్టాల్సి వచ్చింది. దాని నుంచే 2004లో రౌటర్లలో ఎవరైనా వేసుకోగల ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ పుట్టింది. 2005లో కంపెనీ కొత్త రూపంలో మెమరీ సగానికి తగ్గించి, లినక్స్‌ను మానేసింది. మళ్లీ అదే కంపెనీ లినక్స్ కోరేవాళ్ల కోసం 54జీఎల్ అనే వేరే మోడల్ అమ్మింది. తెరిచిన పెట్టెకూ గిరాకీ ఉంటుందనడానికి అంతకన్నా రుజువేముంటుంది?

తాళం తీస్తే దొంగలు పడతారంటారు. కానీ 2016లో మిరాయ్ వైరస్ కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరింది ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులతోనే. ఇంటి యజమాని సాఫ్ట్‌వేర్ మార్చుకోవడం వల్ల కాదు. తాళం తీస్తే రౌటర్ రేడియో తరంగాలు హద్దు దాటుతాయన్న వాదనకు కొంత బలముంది. పరిమితి దాటి ప్రసారం చేసే రౌటర్ పక్కవాళ్లకు ఇబ్బందే. అయినా అదే ఏడాది అమెరికా నియంత్రణ సంస్థ టీపీ-లింక్ నుంచి 2 లక్షల డాలర్లు కట్టించుకుంటూనే, బయటి సాఫ్ట్‌వేర్‌కు దారి ఇచ్చేలా ఒప్పించింది. రేడియోకు వేసే తాళం పెట్టె మొత్తానికి అక్కర్లేదని దీనర్థం.

మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020లో సెట్ టాప్ బాక్సు ఏ ఆపరేటర్ దగ్గరైనా పనిచేయాలని సిఫార్సు చేసింది. అది ఆపరేటర్‌ను మార్చుకునే హక్కు మాత్రమే. లోపలి సాఫ్ట్‌వేర్‌ను మార్చుకునే హక్కు దాకా ఆ సిఫార్సు రాలేదు.