ప్రవాస స్త్రీలు: కట్టు, బొట్టు, చట్టము

1860 అక్టోబరులో మదరాసు రేవునుండి 'ట్రూరో' అను ఓడ 342 మందితో బయలుదేరి నవంబరు 16వ తేదీన డర్బను చేరినది. నేటాలు చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్లిన భారతీయుల కథ అచ్చట ఆరంభమైనది. 1911లో ఆ పద్ధతి నిలిచిపోవునాటికి లక్షా యాభైవేలకు పైగా మనుష్యులు ఆ తీరమున దిగినారు. మదరాసులో ఎక్కినవారే అందులో ఎక్కువ. తమిళులతోపాటు తెలుగువారును వారిలో ఉన్నారు. ఓడ జాబితాలలో ప్రతి స్త్రీకి ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, కులము, వయస్సు, ఎత్తు, ఒంటిమీది మచ్చ వ్రాసినారు. ఆమె ఎవరన్న ప్రశ్నకు ప్రభుత్వమునకు అంతకుమించిన జవాబు అక్కరలేకపోయినది.

ఆ ప్రశ్నకు ఆ స్త్రీలు తామిచ్చుకొన్న జవాబు కాగితముమీద దొరకదు. కట్టులో, బొట్టులో, మారియమ్మ జాతరలో, ఆడినెలలో అమ్మవారికి కాచిన అంబలిలో దానిని వెదకవలెను. చిత్తూరు గంగమ్మ అంబలి ఎరిగినవారికి డర్బను అంబలి వింతగా తోచదు. ఇట్టివాటిని చూచి మనవారు 'సంప్రదాయమును కాపాడుకొన్నారు' అని వ్రాయుట మనకు పరిపాటి. ఆ మాట నాకు చాలదు. పెట్టెలోని పట్టుచీరవలె ఉన్నది ఉన్నట్లు ఉండునది కాదు ఆచారము. దానికై ఒకప్పుడు పోరాడవలసి వచ్చినది కూడ.

అయితే కట్టుబొట్టుల నిర్ణయము స్త్రీల చేతిలోనే ఉండెడిదనుకొనరాదు. సొంత ఖర్చుతో వెళ్లిన కుటుంబములకు మరొక చిక్కు ఉండినది: తెల్లవారి కంటికి నాగరికులుగా కనబడుట. 1896 చివర గాంధీజీ భార్యాపిల్లలతో నేటాలునకు ప్రయాణమైనప్పుడు కాఠియావాడు వైశ్యుల వేషము అందుకు తగదని తలచి, కస్తూరిబాకు పార్శీ ఫక్కిలో చీరకట్టు నిర్ణయించినారు. మేజోళ్లు, బూట్లు తొడిగించినారు; ముళ్లచెంచాలు పట్టించినారు. బూట్లలో కాళ్లు నొచ్చినవనియు, మేజోళ్లు చెమట కంపు కొట్టినవనియు ఆయనే ఆత్మకథలో దాపరికము లేక చెప్పుకొన్నారు. ఆ చెమట కంపు చరిత్రకారునకు ఏ శాసనమునకును తీసిపోని సాక్ష్యము. వేషమును ఆజ్ఞాపించినవారు ఒకరు, మోసిన శరీరము మరొకరిది.

1913లో కథ అడ్డము తిరిగినది. ఆ మార్చి 14వ తేదీన కేప్ న్యాయస్థానమున సెర్ల్ న్యాయమూర్తి, బాయి మరియం అను స్త్రీని దేశములోనికి రానిచ్చు విషయమై తీర్పు చెప్పుచు, బహుభార్యాత్వమునకు తావిచ్చు మతముల పద్ధతిని జరిగిన వివాహము చట్టము దృష్టిలో వివాహము కాదన్నాడు. తాళి కట్టించుకొన్న స్త్రీ, నికా చేసికొన్న స్త్రీ, ఇద్దరును ఒక్క వేటున భార్యలు కాకపోయినారు. కట్టు మార్చుమన్నప్పుడు మార్చుకొన్నవారు ఈ మాటకు ఊరకుండలేదు. సెప్టెంబరులో కస్తూరిబాతో కలిసి నలుగురు స్త్రీలు ఫీనిక్సు ఆశ్రమమునుండి వెళ్లి సరిహద్దు దాటి చెరసాలకు పోయినారు. ట్రాన్సువాలు స్త్రీలు పదునొకండుగురు న్యూకాజిల్ బొగ్గుగనులకు వెళ్లి, ఒప్పందము తీరిన కూలీలపై ఏటేట విధించు మూడు పౌనుల పన్ను సంగతి చెప్పి కార్మికులచేత పని మానిపించినారు. కొందరి చంకలలో పసిబిడ్డలుండిరి. పదునారేండ్ల వళ్లియమ్మ చెరలో జ్వరము తెచ్చుకొని, విడుదలైన కొలది దినములకే, 1914 ఫిబ్రవరి 22న కన్నుమూసినది. సమ్మెలో కాల్పులు జరిగిన పిమ్మట గాంధీజీ తానే కూలివాని బట్ట కట్టినారు. పార్శీ కోటు ముచ్చట అంతటితో తీరినది.

ఆ పదునొకండుగురి పేర్లు గాంధీజీ వ్రాసిన సత్యాగ్రహ చరిత్రలో ఉన్నవి. కొన్నిచోట్ల నాయుడు అన్న మాట కనబడగానే మనవారని మురిసిపోరాదు. ఆయన వారిని దాదాపు అందరిని తమిళులనియే చెప్పినారు. నన్ను ఆపినది వేరొకటి. ఆ పట్టికలో పెక్కుమంది ఫలానావారి భార్యలుగానే ఉన్నారు. అనువాదకుడనుగా ఇట్టి పట్టికలు ఎన్నియో తెనిగించినాను. 'గారి సతీమణి' అని వ్రాసి ముందుకు సాగినాను. ఆమెకు ఒక పేరుండునే అని నా కలము ఒక్కసారియైన తడబడలేదు. భార్యలమని చట్టముచేత ఒప్పించుటకు చెరకేగినవారిని, మనము భార్యలుగా మాత్రమే మిగిల్చినాము. ఓడ గుమాస్తాయైనను ఆమె పేరును ఒక గడిలో వ్రాసికొన్నాడు.

1914 నాటి చట్టము భారతీయ పద్ధతి వివాహమును ఒక్క భార్య వరకు గుర్తించినది. దానితో అంతా తీరలేదు. ముస్లిము వివాహములను పూర్తిగా గుర్తింపకపోవుట రాజ్యాంగవిరుద్ధమని దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానము నిర్ణయించినది 2022 జూన్ 28న. బాయి మరియం తీర్పు వెలువడిన నూటతొమ్మిదేండ్లకు.